గిటారులోని మూడు మరలు

ఈ సంచికకు ఏదేనొక వ్యాసము వ్రాయుడని సమాజ కార్యవర్గమువారు మమ్ము కోరినపుడు, మేము పండితులము కామనియు, 1976లో ఎస్.ఎస్.ఎల్.సి. ముగించి పిమ్మట ముప్పదియారేండ్లు కచేరిలో గుమాస్తాగా పద్దులు వ్రాసినవారమనియు మనవి చేసికొంటిమి. నాయకరాజుల కాలపు తెలుగును గూర్చియు, చెన్నపురి తెలుగువారి పూర్వవైభవమును గూర్చియు వ్రాయగల పెద్దలు పెక్కురు కలరు, మీ చేతికి తెలిసిన పని యేదో అది వ్రాయుడని వారు సెలవిచ్చిరి. మా చేతికి తెలిసిన పని మిక్కిలి చిన్నది. 2018లో ఉద్యోగము విరమించిన నాటినుండి మా యింటి వసారాలో ఒక బల్ల వేసికొని, పాడైన రేడియోలను, శ్రుతిపెట్టెలను, మైకు పెట్టెలను బాగుచేయుచున్నాము. కూలి తీసికొనము. కాఫీ ఇచ్చినచో త్రాగుదుము. ఆ బల్లమీదికి వచ్చిన ఒక గిటారును గూర్చి, దాని కడుపున నున్న మూడు చిన్న మరలను గూర్చి వ్రాయుచున్నాము.

గిటారునకును మన తెలుగు సమాజమునకును ఏమి సంబంధమని కొందరు చదువరులు అడుగవచ్చును. 1969లో పాలకొల్లున జన్మించిన శ్రీ యు. శ్రీనివాస్ గారు బాల్యముననే ఈ నగరమునకు వచ్చి, మాండొలినుపై కర్ణాటక సంగీతమును వాయించి లోకమును మెప్పించిన సంగతి మన ఇండ్లలో తెలియనివారు లేరు. ఆ వాద్యమున జంట తంతులు ఉండును. మీటిన క్షణమున ఝణంకారము చేసి అంతలోనే నాదము అణగిపోవును. జంట తంతులను ఒక్కసారిగా లాగి గమకము పలికించుట దుర్ఘటము. ఆయన విద్యుత్ మాండొలినును చేపట్టి, జంటలను తీసివేసి, ఐదు ఒంటి తంతులు వేయించుకొనిరి. విద్యుత్తు తోడుపడుటచే నాదము నిలిచినది. నాదము నిలిచినందున గమకము నిలిచినది. 2014లో ఆయన కీర్తిశేషులైరి కాని, ఆయనను విన్న పిదప మా పేటలో ఒకాయన గిటారు పట్టినారు. మాకంటె పదునాలుగేండ్లు పెద్ద. మేము అన్నగారని పిలిచెడివారము. తెలుగు అచ్చుకూటమున సీసపు అక్షరములు కూర్చిన చేతులవి. తలక్రిందులుగా నున్న అక్షరమును చూపుతోనే చదువగలవారు. అచ్చుకూటములు కంప్యూటర్ల పాలైన పిదప ఆ వ్రేళ్ళకు తంతులు పని కల్పించినవి.

గిటారునకు మీటినంత మాత్రమున సభ నిండునంత నాదము లేదు. అందుచేత తంతులు ఆనియుండు వంతెనపట్టె క్రింద పియజో అను సన్నని పట్టీని అమర్చుదురు. ఒత్తిడి తగిలినపుడు విద్యుత్తు పుట్టించుట దాని గుణము. కాని ఆ విద్యుత్తు కడు దుర్బలము. నేరుగా పొడవాటి తీగ ద్వారా యాంప్లిఫయరునకు పంపినచో నడిత్రోవలోనే నీరసించిపోవును. గిటారు లోపలనే దానికి కొంత బలము చేకూర్చి పంపు చిన్న బోర్డునకే ప్రీయాంపు అని పేరు. ఈ బోర్డులు తయారైనవి అంగళ్ళలో దొరకును. అన్నగారు 2003లో రిచీ వీధిలో అట్టిదొకటి కొని తెచ్చి, తమకు నచ్చునట్లు మార్చుకొనిరి.

వారు చేసిన మార్పులలో మొదటిదానిని తలచుకొన్నచో మాకిప్పటికిని ముచ్చట వేయును. పియజో పట్టీ ఒక చిన్న కెపాసిటరు వంటిది. ఈ గిటారులోని పట్టీ సుమారు 500 పికోఫారడ్లు. బోర్డు ముఖద్వారమున నుండు రెసిస్టరు ఒక మెగ్ఓము అయినచో, లెక్క వేసి చూడగా, 318 హెర్ట్జుల క్రిందనున్న స్వరములన్నియు క్రమక్రమముగా క్షీణించును. గిటారున అన్నిటికంటె లావు తంతి 82 హెర్ట్జుల ప్రాంతమున పలుకును. అనగా మంద్రస్థాయి యావత్తు గుమ్మము వద్దనే నిలిచిపోవును. ఆ రెసిస్టరును తీసి పది మెగ్ఓములది పెట్టినచో ఆ హద్దు 32 హెర్ట్జులకు దిగును. మంద్రము నిరాటంకముగా లోనికి వచ్చును. అన్నగారు చేసినది ఇదియే. లెక్క వేసి చేసిరో, చెవితో కనుగొనిరో మేము ఎన్నడును అడుగలేదు. ఆ రెసిస్టరు అంగట రెండు రూపాయలకు దొరకును.

పిదప వారు బోర్డుమీద స్థిరముగా నున్న ఒక రెసిస్టరును ఊడదీసి ఆ స్థానమున ఒక ప్రీసెట్‌ను, నాదము బయటకు పోవు చోట ఇంకొక ప్రీసెట్‌ను, పియజో నాదమును గిటారు డొల్లలో పెట్టిన చిన్న మైకు నాదమును కలుపు చోట మూడవ ప్రీసెట్‌ను అమర్చిరి. ప్రీసెట్ అనునది గోరంత పెట్టె. దానినెత్తిన సన్నని స్క్రూడ్రైవరు మొన పట్టునంత గంటు ఉండును. ఆంగ్ల గ్రంథములలో ట్రిమ్‌పాట్ అందురు గాని రిచీ వీధిలో ప్రీసెట్ అన్ననే త్వరగా చేతికి వచ్చును. అన్నగారి మనుమడును మేమును దీనిని మర అందుము. దానిపై 104, 503 అని అంకెలు ఉండును. మొదటి రెండంకెలను అట్లే వ్రాసి, మూడవ అంకె ఎంతయో అన్ని సున్నలు చేర్చవలెను. 104 అనగా లక్ష ఓములు, 503 అనగా ఏబదివేల ఓములు. పద్దులు వ్రాసిన మాకు ఈ పద్ధతి తొలిచూపుననే నచ్చినది.

బయట నుండు గుండ్రని మీటలకును ఈ లోపలి మరలకును ఒక భేదము కలదు. బయటి మీట వాయించువానిది. వేలసార్లు త్రిప్పినను ఓర్చుకొనును. లోపలి మర కూర్చినవానిది. సరిచూచి, త్రిప్పి, మూత వేయుటకే పుట్టినది. బోర్న్స్ కంపెనీవారి 3296 అను మర ప్రసిద్ధమైనది. ఒక కొననుండి మరియొక కొనకు పోవుటకు దానిని 25 చుట్లు త్రిప్పవలెను. దాని ఆయుర్దాయము 200 రాకపోకలు మాత్రమేయని తయారుచేసినవారే తమ పత్రమున ప్రకటించినారు. కచేరి భాషలో చెప్పవలెనన్న, ఇది స్థిరాస్తి రిజిస్టరే కాని దినచిట్టా కాదు. ఊరకయుండలేక నాదము బాగులేనప్పుడెల్ల మూత విప్పి మరలను కదపువారిని మేము చూచియున్నాము. వారి వాద్యములు కొన్నాళ్ళకు గరగరమని మొరపెట్టును.

అన్నగారు మూడు మరలను తమకు కావలసినచోట నిలిపి, వదినగారి గోళ్ళరంగు సీసానుండి ఒక్కొక్కదానిపై ఎఱ్ఱని చుక్క పెట్టిరి. కదలకుండుటకు ఇది మంచి ఉపాయము. మరుపున ఎవరైన కదిపినను రంగు పగిలి తెలియును. అయితే వోల్టేజి ఎంత, ఏ మర ఎంతవరకు త్రిప్పబడినది అను విషయమై వారొక ముక్కయు వ్రాసి పెట్టలేదు. జీవితమంతయు ఇతరులు వ్రాసినదానిని కూర్చినవారు తమకై కలము పట్టకపోవుట విచిత్రమే. 2019లో వారు స్వర్గస్థులైరి. గిటారు పెట్టెలోనికి పోయినది.

2023లో వారి మనుమడు, పదునేనేండ్లవాడు, దానిని బయటకు తీసెను. ఇంట తెలుగు, వీధిలో తమిళము, బడిలో ఆంగ్లము మాటలాడు మన పిల్లలందరివంటి పిల్లవాడు. తెలుగు చదువనేరడు. కాని తాతగారివద్ద ఆరేండ్లప్పటినుండి స్వరములు నేర్చి, హిందోళము చక్కగా వాయించును. త్యాగరాజస్వామివారి కీర్తనల సాహిత్యమును తమిళ లిపిలో వ్రాసికొని వల్లించును. ఆ లిపిలో క-గ-ఖ-ఘలకు ఒకే అక్షరమగుటచే వాని నోట సాహిత్యము ఎట్లు పలుకునో చదువరులు ఊహింపవచ్చును. తంతిపై మాత్రము తప్పు పలుకడు. వదినగారు ఆ పిల్లవాడు పాడినపుడు తల వంచుకొందురు, వాయించినపుడు తల ఎత్తుదురు.

పెట్టెలోనుండి తీసిన గిటారు పలుకలేదు. బ్యాటరీ కారి తీగలను తిన్నది. ఇంటివారు దానిని ఒక అంగడికి పంపిరి. ఆ అంగడి పేరు ఇచట అనవసరము. పది దినముల పిదప గిటారు పలుకుచు వచ్చినది. కాని పలుకు సన్నగిల్లి, గట్టిగా మీటినచో టిన్నుడబ్బావలె చిటపటలాడుచుండెను. "రిపేరు చేసినాము, పాత గిటారు గదా, ఇంతే వస్తుంది" అని అంగడివారు చెప్పిరట. ఉగాది సభకు పిల్లవాడు వాయింపవలెనని కార్యవర్గమువారు అప్పటికే నిర్ణయించియుండిరి. వదినగారు స్వయముగా గిటారును ఆటోలో పెట్టుకొని మా యింటికి వచ్చిరి. "మరిదిగారూ, దీనికి ప్రాణం ఉంది, గొంతు లేదు" అనిరి.

మూత విప్పి చూచితిమి. మూడు మరల మీదను ఎఱ్ఱచుక్కలు పగిలియున్నవి. ఇంతకంటె ఘోరము, బోర్డు మధ్యనున్న ట్రాన్సిస్టరు కొత్తది. అన్నగారు పెట్టినది జె-201 అనునది. ఇప్పుడున్నదానిపైనను ఆ పేరే అచ్చువేయబడియున్నది. మేమెప్పుడును పేరుచూచి నమ్మము. ఊడదీసి, గేటు కాలిని సోర్సు కాలితో కలిపి, బ్యాటరీకి మీటరు ద్వారా తగిలించి చూడగా 5 మిల్లీ ఆంపియర్ల కరెంటు పారినది. జె-201 అయినచో అది 0.2కు తక్కువ గాక, 1.0కి మించక ఉండవలెను. కావున ఇది వేరొక జాతిది, దొంగముద్ర వేసికొని వచ్చినది. మూడు కాళ్ళ జె-201 మునుపటివలె అంగళ్ళలో దొరకుట లేదు. కరవు వచ్చినచోట నకళ్ళు పుట్టుట సహజము.

ఇచట ఒక విషయమును కొంచెము నిదానముగా చెప్పవలసియున్నది. ట్రాన్సిస్టరు ఒక కుళాయి వంటిది. తంతినుండి వచ్చు అల్పమైన విద్యుత్తు ఆ కుళాయిని త్రిప్పుచుండగా, బ్యాటరీ విద్యుత్తు అదే లయలో హెచ్చుతగ్గులుగా పారును. తంతి ఊరకయున్నపుడు డ్రెయిన్ అను కాలివద్ద బ్యాటరీ వోల్టేజిలో సుమారు సగము ఉండవలెనని గ్రంథములు చెప్పును. నాదము పైకిని క్రిందికిని ఊగునది కదా, రెండు వైపుల సమానమైన జాగా కావలెను. ఊయలను గోడకు చేరువగా కట్టినచో ఒక వైపున గోడకు కొట్టుకొనును. గిటారు చిటపటలాడుటకు అదియే కారణము. ఆ సగమును కుదుర్చునదే మొదటి మర.

జె-201 అని పేరుపడినవన్నియు ఒకే తీరువి కావు. పైన చెప్పిన 0.2 నుండి 1.0 వరకు అనగా ఒకటికి అయిదు రెట్లు భేదము. అంత భేదమును తయారుచేయువారే అనుమతించినారు. ఒకదానికి సగము వోల్టేజి రావలెనన్న మర 45 వేల ఓముల వద్ద నిలువవలసి వచ్చినచో, ప్రక్కసంచిలోని దాని కవలకు 18 వేల ఓములు చాలవచ్చును. అందుచేతనే తెలివిగలవారు ఇచట స్థిరమైన రెసిస్టరునకు బదులు మరను పెట్టుదురు. అందుచేతనే పాత ట్రాన్సిస్టరు పోయిన పిదప పాత మర ఎచట నిలిచియుండెనో తెలిసినను ప్రయోజనము లేదు. అన్నగారి ఎఱ్ఱచుక్క పగులకుండ ఉన్నను అది పోయినవానికి కుట్టిన చొక్కాయే.

పిల్లవానిని వెంటబెట్టుకొని రిచీ వీధికి పోయి, తెలిసిన అంగడిలో అయిదు జె-201లు కొంటిమి. బల్లయొద్ద కూర్చుండి వానిని తూచు పనిని పిల్లవానికే ఒప్పగించితిమి. ఒకటి 0.3, ఒకటి 0.8, తక్కిన మూడును నడుమ. "తాతా, ఒకే పేరు బెట్టుకోని అయిదూ అయిదు దినుసులుగా ఉండాయే!" అని వాడు ఆశ్చర్యపడెను. మన పేటలో ఒకే ఇంటిపేరు గల అయిదిండ్లను చూడరా అని మేమంటిమి. 0.6 చూపినదానిని ఏరి బోర్డులో అతికితిమి. టంకము వేయునపుడు ముందుగా నేలకు కలిపిన లోహమును తాకి చేతిలోని స్థిరవిద్యుత్తును వదలించుకొనవలెను. లేనియెడల ఈ సుకుమారములు చెప్పకుండ చచ్చును.

మరలను సవరించుటకు ఒక వరుస కలదు. దానిని తప్పినచో పని ఎన్నటికిని తెగదు. మొట్టమొదట కొత్త బ్యాటరీ వేయవలెను. నీరసించిన బ్యాటరీతో సరిచేసినది కొత్త బ్యాటరీ వేసిననాడు చెడును. మాది 9.4 వోల్టులు చూపినది, సగము 4.7. మరలు ఉన్నవి ఉన్నట్లు సెల్‌ఫోనుతో ఛాయాచిత్రము తీయవలెను. యాంప్లిఫయరు సవ్వడిని బాగుగా తగ్గించి, మీటరు నల్లతీగను నేలకు, ఎఱ్ఱతీగను డ్రెయిన్ కాలికి ఆనించి, ప్లాస్టిక్ స్క్రూడ్రైవరుతో మరను చుట్టులో ఎనిమిదవ వంతు చొప్పున మాత్రమే కదపవలెను. కదపినపుడెల్ల కొన్ని క్షణములు ఆగవలెను. అంకె వెంటనే కుదురుకొనదు. తొందరపడువాడు దానిని వెంబడించి దాటిపోవును, మరల వెనుకకు వచ్చును, మరల దాటును. ఇరువదియైదు చుట్ల మర కొన చేరినపుడు గట్టిగా నిలువదు. లోలోపల టిక్కు టిక్కుమని జారుచుండును. ఆ సవ్వడి వినరానివాడు ఇంకను తిరుగుచున్నదని భ్రమించును. మొదటి మర ముగిసినగాని రెండవదానిని ముట్టరాదు. ఏలయన మొదటిది తిరిగినపుడు వోల్టేజి మాత్రమే కాక నాదపు పెంపు కూడ మారును. రెండవది కుదిరినగాని మూడవదానిని ముట్టరాదు.

మొదటి మరను పిల్లవాడే త్రిప్పెను. 4.7 వచ్చినది. వాయించి చూడగా చిటపట పోయినది, మంద్రము నిండుగా వచ్చినది, ప్రతి స్వరము అద్దమువలె కనబడినది. మాకు పరమ సంతోషము కలిగినది. పిల్లవాడు హిందోళము ఎత్తుకొనెను. వదినగారు వసారా గుమ్మమున కూర్చుండి వినుచుండిరి. ఆలాపన ముగిసినపుడు ఏమందురోయని చూచితిమి.

"బాగుంది మరిదిగారూ" అనిరి. కొంతసేపటికి, "ఆయనది కాదు" అనిరి.

ఏమి లోపమని అడిగితిమి. వారు వెంటనే చెప్పలేకపోయిరి. సంగీతము నేర్చినవారు కారు. నలుబదియేండ్లు వంటింటినుండి విన్నవారు. చివరకు, "ఇంత తేటగా ఉండేది కాదండీ. మెల్లగా వాయిస్తే ఇట్లాగే. గట్టిగా మీటినప్పుడు మాత్రం రవంత ఇసక పడినట్టుండేది. వేయించిన వాసన లాగా" అనిరి. నాదమునకు వేయించిన వాసన ఉండునని మేము ఏ గ్రంథమునను చదువలేదు. కాని ఆ మాట అర్థమైనది. అన్నగారు ఊయలను సరిగా నట్టనడుమ కట్టలేదు. బుద్ధిపూర్వకముగా ఒక గోడవైపు జరిపి కట్టిరి. మెల్లగా ఊగినపుడు ఏమియు తెలియదు. గట్టిగా ఊగినపుడు ఒకవైపు మాత్రము గోడను మృదువుగా ఒరసికొని పోవును. ఆ ఒరపిడియే ఇసుక.

పిల్లవాడు ఒప్పుకొనలేదు. "సగం ఉండాలని మీరే గదా అంటిరి తాతా? బుక్కులో అదే ఉండాదే. ఇప్పుడు పాడు చేసేదా?" అని మీటరును పట్టుకొని కూర్చుండెను. వాని మాట అన్యాయము కాదు. ముప్పదియారేండ్లు సర్క్యులరు ప్రకారము నడచిన మాకును నట్టనడుమ నున్న అంకెయే సుఖము. పైగా వదినగారి చెవిలో నిలిచియున్నది ఆ గిటారు నాదమో, ఆనాటి పాత యాంప్లిఫయరు గరగరయో, ఆ మిద్దెయింటి గోడల ప్రతిధ్వనియో నిర్ణయించుట మా తరము కాదు. వాయించువాడు పిల్లవాడు, గిటారు ఇక వానిది. ఈ మాట వదినగారితో అననే అంటిమి. వారు, "వాడిదే. నేను కాదన్నానా? ఒక్కసారి ఆయనది విని పోతాను, తర్వాత వాడిష్టం" అనిరి.

సగమును 4.7 అని మా రిజిస్టరులో వ్రాసికొని, మరను కదపితిమి. 5.0, 5.3, 5.6. ప్రతిసారి పిల్లవాడు లావు తంతిని మూడుమారులు మెల్లగా, మూడుమారులు గట్టిగా మీటెను. వదినగారు తల అడ్డముగా ఊపిరి. 5.9 వద్ద వారేమియు అనలేదు. పిల్లవానిని మరల హిందోళమే వాయింపుమనిరి. వాడు ముఖము ముడుచుకొని ప్రారంభించెను గాని, మంద్రమున గట్టిగా మీటి గమకమును లాగినచోట వాని చేయి ఆగినది. వాడే వెనుకకు పోయి ఆ సంగతిని మరల వాయించెను. పిదప ఇంకొకసారి. "తాత ఇక్కడ ఎప్పుడూ నవ్వుతాడు" అనెను. నవ్వెడివాడు అనవలసినది, వాని తెలుగున ఆ క్షణమున భూతకాలము లేదు. వదినగారు కొంగుతో ముఖము తుడుచుకొనిరి.

తక్కిన రెండు మరల పని అంత కష్టము కాలేదు. అవి ముప్పాతిక చుట్టు మాత్రమే తిరుగు చౌకరకములు. పగిలిన ఎఱ్ఱరంగు సగము మర నెత్తిమీదను, సగము ఒడ్డునను మిగిలియున్నది. రెండు ముక్కలను కలిపితిమి. వోల్టేజిని పెంచుటకై మొదటి మర ఓములను తగ్గింపవలసి వచ్చినందున నాదపు పెంపు తగ్గినది. ట్రాన్సిస్టరు కూడ కొత్తది. అందుచేత రెండవ మర పాతగుర్తును వెండ్రుకవాసి దాటిపోవలసివచ్చినది. మూడవది మాత్రము రంగుకు రంగు సరిగా అతికినది. వదినగారు దీనికి వేరొక పరీక్ష చెప్పిరి. అన్నగారు డొల్లమీద అరచేతితో తట్టుచు, ఆ చప్పుడు తంతికంటె పెద్దది కానంతవరకే మైకును పెంచెడివారట. తట్టి చూచితిమి. సరిపోయినది.

క్రోధి నామ సంవత్సర ఉగాది, 2024 ఏప్రిలు 9వ తేది. సభలో మైకుల ఏర్పాటు చూచు యువకుడు గిటారు తీగను తన మిక్సరునకు తగిలించి, ఒక్కసారి విని, "ఇందులో కొంచెం డిస్టార్షన్ ఉండాది సార్, సరి చేయమంటారా?" అని అడిగెను. వద్దంటిమి. పిల్లవాడు ఇరువది నిమిషములు వాయించెను. మొదటి వరుసలోని పెద్దలకు బాగుగా నచ్చినది. వెనుకవరుస పిల్లలు యథాప్రకారము సెల్‌ఫోనులు చూచుకొనిరి. అన్నగారితో కలిసి అచ్చుకూటమున పనిచేసిన ఒక వృద్ధుడు మాత్రము పచ్చడి తినుచు మా ప్రక్కకు వచ్చి, ఏ కేసెట్టు పెట్టినారని అడిగిరి. వారికి చూపు ఆనదు.

ఇక మా రిజిస్టరు సంగతి. మా బల్లకు వచ్చిన ప్రతి బోర్డునకు ఒక పుట కలదు. ఎవరు మార్చిరి, ఏమి మార్చిరి, ఏ మర దేనిని శాసించును, వచ్చినపుడు ఎంత చూపినది, పోవునపుడు ఎంత చూపినది అని వ్రాసి పెట్టుదుము. మార్చిన బోర్డునకు తయారుచేసినవారి పత్రము పనికిరాదు. మార్చినవాడు వ్రాయకపోయినచో అతని తరువాత వచ్చువాడు చీకటిలో తడుముకొనవలసినదే. మన సమాజములో వీణలకు, మాండొలినులకు, శ్రుతిపెట్టెలకు ఇట్టి మార్పులు చేయించుకొన్న ఇండ్లు మాకు తెలిసినంతలోనే తొమ్మిది కలవు. ఆ ఇండ్లవారు మూత లోపల ఒక చిన్న కాగితమును అంటించి పెట్టుకొన్నచో మేలని మనవి చేయుచున్నాము. వ్రాయుట చేతకానివారు మా యింటికి తెచ్చినచో మేము వ్రాసి యిత్తుము.

ఈ గిటారు పుటను మేము వ్రాయలేదు. పిల్లవాడే వ్రాసెదనని కలము తీసికొనెను. ఆంగ్లమున వ్రాయుమంటిమి. మీ రిజిస్టరంతా తెలుగులో ఉండాది గదా అనెను. మేము పలుక, అక్షరమునకు అక్షరము అడిగి, మర అను మాటను రెండుసార్లు కొట్టివేసి, ముప్పావు గంటలో నాలుగు పంక్తులు పూర్తిచేసెను. మొదటి మర, 5.9 వోల్టులు. సగము 4.7, అవ్వ వద్దన్నది. రెండవ మర, పాతగుర్తుకు కొంచెము ఆవల. మూడవ మర, తాత పెట్టిన చోటనే. ఆ నాలుగు పంక్తులకు నకలు తీసి, మూత లోపల అంటించి, మొదటి రెండు మరలమీద వదినగారి సీసానుండియే కొత్తచుక్కలు పెట్టితిమి. మూడవదానికి పాతరంగు చాలునని వాడు పెట్టనీయలేదు.